ఊట బోదె

పోయిన వారం అచ్యుతరావును ఏలూరులో ఒక హాలు గుమ్మం దగ్గర వదిలేసి వచ్చాం. చెప్పులు వేసుకుని లోపలికి వెళ్లొచ్చో, బయటే విప్పాలో తేలక నిలబడిపోయాడు. పాపం, వారం రోజులుగా అలాగే ఉన్నాడు. ఇవాళ లోపలికి తీసుకెళ్దాం. కాకపోతే ఆ హాల్లో అతని కోసం ఏం కాచుకుని ఉందో అర్థం కావాలంటే వెనక జరిగిన సంగతి కొంచెం గుర్తు చేసుకోవాలి.

కొల్లేటి అంచున మొగలిలంకలో అచ్యుతరావుకు నాలుగెకరాల వరి పొలం ఉండేది. ఇప్పుడది చేపల చెరువు. దాని పక్కన అతని పెదనాన్న కొడుకు నరసింహమూర్తిది ఎకరంన్నర చేను. ఆ పక్కన రూతమ్మ అరెకరం. ఆ తర్వాత మురుగు కాలువ. చెరువులో నీళ్లు చేను కంటే ఎత్తులో ఉంటాయి గనక కట్ట అడుగు నుంచి పక్క చేలోకి ఊట దిగుతుంది. అందుకని చెరువు తవ్వుకునేవాడు తన భూమిలోనే కట్ట వెంబడి సన్నటి కాలువలాగా ఒక బోదె వదలాలి. ఊట ఆ బోదెలో పడి మురుగు కాలువకు పోతుంది. బోదె లేకపోతే పక్కవాడి వరి వేళ్లు ఎప్పుడూ నీళ్లలోనే నాని, పైరు పసుపు తిరిగి, కంకుల్లో తాలు తప్ప గింజ మిగలదు. ఇది ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి.

నిరుడు వేసవిలో అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నడిచి, బోదె ఎక్కడిదాకా వదలాలో వెదురు పుల్లలు గుచ్చుకున్నారు. ఆ మర్నాడు నరసింహమూర్తి, భార్య భాగ్యలక్ష్మి కలిసి పెంటపాడులో కూతురి సీమంతానికి వెళ్లారు. చెరువు కౌలుకు తీసుకున్న గోపీచంద్, "బోదె వదిలితే చెరువు చిన్నదైపోద్దండీ, కౌలు కూడా ఆ మేరకే ఇవ్వగలను," అన్నాడు. అచ్యుతరావు అవుననలేదు, కాదనలేదు. తల ఊపాడు. పొక్లెయిన్ ఆ పుల్లల మీదుగానే పోయింది. ఊరి నుంచి తిరిగొచ్చిన అన్నయ్య కట్ట కేసి చూసి, "జారిందేంట్రా?" అన్నాడు. "ఆ, జారిందన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

కట్ట మట్టి జారి బోదెలో పడిందన్న ఆ ఒక్క మాట మీద ఏడాది గడిచింది. వానాకాలం సార్వా సగమే పండింది. వేసవి దాళ్వా తాలు పోయింది. అన్నయ్యకు వేరే భూమి లేదు. వచ్చే సార్వాకి నారు ఊడ్పు పడకపోతే ఆ ఎకరంన్నరా కూడా గోపీచంద్ చేతికే పోతుంది. "నా ఒంట్లో ఊపిరున్నంతకాలం అది చేనే" అని అన్నయ్య అంటూ ఉంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా అచ్యుతరావుకు అన్నం సయించదు. అయినా తింటాడు. అదీ అతని సంగతి.

అచ్యుతరావు చెడ్డవాడు కాడు. అదే నాకు కోపం. చెడ్డవాడైతే ఈ కథ రెండో వారానికే అయిపోయి ఉండేది.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం. చెప్పులతోనే రావచ్చని లోపల్నుంచి ప్రసన్న టీచరు చెయ్యి ఊపింది. మొగలిలంక హైస్కూల్లో సోషల్ చెప్పే మనిషి. ఎక్కడెక్కడివో పాత ఫోన్లు పోగుచేసి, తొమ్మిదో తరగతి పిల్లల చేతుల్లో పెట్టి, "ఇంట్లో నోరు తెరిచి చెప్పలేనిది ఏదైనా ఉంటే ఫోటో తీసుకురండి," అంది. ఆ ఫోటోలే ఇవాళ ఈ హాల్లో నైలాన్ తాళ్లకు, బట్టల క్లిప్పులతో వేలాడుతున్నాయి. "చెప్పలేనిది" అన్న ముక్క మాత్రం అచ్యుతరావు చెవిదాకా రాలేదు. కూతురు రమ్యశ్రీ తీసిన ఫోటో ఏలూరులో పెడుతున్నారని మాత్రమే తెలుసు. ఆ ఫోటోలో తనున్నాడని కూడా తెలుసు. ఎందుకంటే అది తీస్తున్నప్పుడు కట్ట మీద నిలబడి చొక్కా సర్దుకుని, చెయ్యెత్తి మరీ నవ్వాడు.

అందుకే భార్య మాణిక్యం ఆవకాయకి కాయలు కొట్టించే పనుందని ఉండిపోయినా, అన్నయ్యనీ వదిననీ తనే బతిమాలి కారెక్కించాడు. "ఎప్పుడూ చేనూ ఇల్లూనేనా అన్నయ్యా? పిల్ల ఫోటో చూసి, అక్కడే టిఫిను చేసి వద్దాం," అన్నాడు. వదిన గంజి పెట్టిన చీర కట్టుకుని, పిల్ల కోసం జంతికలు డబ్బాలో పోసుకుని వచ్చింది. అన్నయ్య దారి పొడుగునా కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉన్నాడు.

హాల్లో జనం బాగానే ఉన్నారు. మొదటి తాడు మీద ఒక ఇంటి అరుగు, దాని నిండా వరసగా ఖాళీ మంచినీళ్ల టిన్నులు. కింద పిల్లవాడి చేతిరాత: "మా ఊరు చుట్టూ నీళ్లే. తాగేవి మాత్రం కొనుక్కుంటాం." పక్కన ఒకమ్మాయి, రొయ్యలు వలిచి వలిచి తెల్లగా నానిపోయిన వాళ్లమ్మ వేళ్లు తీసింది. ఇంకో మహానుభావుడు మేనమామ బండి నాలుగు వైపుల నుంచీ తీసుకొచ్చాడు. నోరు తెరిచి చెప్పలేనిది ఇదేనేమో, బండి కావాలని.

"ఏవండీ, ఇటు చూడండి, మన రూతమ్మ!" అని భాగ్యలక్ష్మి నవ్వింది.

రూతమ్మ మనవరాలు తీసిన ఫోటో అది. రూతమ్మ మోకాళ్ల దాకా బురదలో, నారు కట్ట చేత్తో పట్టుకుని, ముందు పన్ను లేని నోటితో ఎవరినో చూసి పకపకా నవ్వుతోంది. కింద, "మా మామ్మ చేలో ఉన్నప్పుడు తిట్టదు," అని రాసి ఉంది.

నరసింహమూర్తి ఆ ఫోటో దగ్గర ఆగలేదు. "పద పద, ముందు మన పిల్లది చూద్దాం," అని ముందుకు నడిచాడు.

రమ్యశ్రీ చివరి తాడు దగ్గర, స్కూలు యూనిఫారంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. తండ్రి వెనక పెదనాన్న, పెద్దమ్మ కూడా వస్తున్నారని చూడగానే పిల్ల మొహం పాలిపోయింది. వాళ్లు వస్తారని ఎవరూ చెప్పలేదు దానికి.

ఫోటో చేలో వంగి, కింద నుంచి తీసింది. ముందంతా పసుపు తిరిగిన వరి. దుబ్బుల మొదళ్లలో నిలిచిన నీళ్లు, వాటి మీద నూనె తెట్టులాంటి నాచు. ఆ పైన, సగం ఫోటో ఆక్రమించుకుని చెరువు కట్ట. కట్ట మీద ఎక్కడో చిన్నగా, చెయ్యెత్తి నవ్వుతున్న అచ్యుతరావు.

కింద రాసిన ముక్కలు భాగ్యలక్ష్మి పైకే చదివింది. "ఇది మా చెరువు. పెదనాన్న చేలో నిలబడి తీశాను. కాళ్లు దిగిపోయాయి."

చదివాక కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఫోటోకి మరీ దగ్గరగా వెళ్లింది. ఆవిడ ఏడాదిగా ఆ కట్టను రోజూ చూస్తూనే ఉంది. కానీ చేలో పనిలో ఉండగా కట్ట కేసి ఎవరు పరకాయించి చూస్తారు? చూసేది పైరు కేసే కదా. ఇప్పుడు పిల్ల ఆవిడను కూర్చోబెట్టి చూపించినట్టయింది.

"జారిన కట్ట ఇంత తిన్నగా ఉంటుందా?" అంది, ఎవరినీ అడగనట్టుగా.

అచ్యుతరావు కూడా ఫోటో కేసి చూశాడు. కట్ట అంచు కత్తితో కోసినట్టు ఉంది. మిషను పళ్ల గాట్లు వరసగా, పైనుంచి కింద దాకా కనిపిస్తున్నాయి. దాని పైన తన నవ్వు. ప్రపంచంలో ఇంతకంటే అసహ్యమైన నవ్వు ఉండదనిపించింది. ఆ నవ్వు మీద చెయ్యి వేసి కప్పేద్దామా అనిపించింది.

"అచ్యుతరావు గారూ," అంది భాగ్యలక్ష్మి.

ఆవిడ కాపరానికి వచ్చేనాటికి అతను నిక్కర్లు వేసుకునే పిల్లాడు. తల్లికి జబ్బు చేసి మంచాన పడితే, తల దువ్వి బడికి పంపింది ఈవిడే. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా "ఒరేయ్ అచ్యుతం" తప్ప మరో పిలుపు లేదు. నలుగురిలోనూ అంతే. ఇప్పుడు గారూ అంటుంటే చెంప మీద కొట్టినట్టుంది అతనికి.

"జారిందన్నారు కదండీ?"

"వదినా, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. ఇక్కడ అందరూ..."

"పిల్ల ఇక్కడే చెప్పింది కదండీ. మీరూ ఇక్కడే చెప్పండి."

పక్కన ఫోటోలు చూస్తున్న వాళ్లెవరో మర్యాదగా నాలుగడుగులు అవతలికి జరిగారు. అచ్యుతరావు కూతురి వంక చూశాడు. రమ్యశ్రీ కళ్లు దించుకుంది. ఆ క్షణంలో వర్షం అనొచ్చు, మట్టి మంచిది కాదనొచ్చు, గోపీచంద్ మీదకి తోసేయొచ్చు. అన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. నిజం చెప్పాలంటే నేను కూడా అతను ఏదో ఒకటి అనేస్తాడనే అనుకున్నాను.

"జారలేదు వదినా," అన్నాడు. "తవ్వించేను. మీరు పెంటపాడు వెళ్లినప్పుడు. బోదె వదల్లేదు."

మాట బయటికి వచ్చాక ఏదో బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఎందుకంటే వదిన ఏడవడం మొదలుపెట్టింది.

"కాస్త కట్ట జారితే ఇంత ఊట రాదులే, నేను విత్తనం మార్పించినందుకే పంట పోయిందనుకున్నాను," అంది. "గూడెంలో మా అన్నయ్య వాళ్లు వేశారు, బాగా పండిందన్నారని నేనే పట్టుబట్టి ఆ రకం తెప్పించేను. సార్వా సగానికి పడిన రోజు నుంచీ నా మూలంగానే, నా మూలంగానే అని కుమిలి చస్తున్నాను. ఈయన దగ్గర తలెత్తుకోలేక, అడిగిందల్లా వండి పెట్టి... తప్పు చేసిన దానిలాగా... రెండు పంటలండీ! మీరు రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగేవారు కదండీ! నేను విత్తనం గురించి ఏడుస్తుంటే, 'ఊరుకో వదినా, ఒక్కోసారి అంతే' అన్నారు కదండీ!"

అన్నాడు. ఆ మాటే అన్నాడు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అన్నాడు. బోదె మింగడం ఒక పాపమైతే, ఆ ఓదార్పు దానికి పదింతలు.

"ఊరుకోవే," అన్నాడు నరసింహమూర్తి మెల్లగా. "ఇప్పుడవన్నీ ఎందుకు?"

భాగ్యలక్ష్మి భర్త వైపు తిరిగింది. ముప్పై ఏళ్లు కాపరం చేసిన ఆడదానికి మొగుడి గొంతు తెలీదా? "మీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"వచ్చిన రోజే. పుల్లలు గుచ్చింది నేనే కదా. సగం విరిగిన పుల్ల కట్ట మట్టిలో కనబడింది."

"మరి జారిందేంట్రా అని ఎందుకు అడిగారు?"

నరసింహమూర్తి తమ్ముడి వంక చూడకుండా జవాబు చెప్పాడు. "వాడు ఏం చెప్పాలో తెలీక అల్లాడిపోతున్నాడు. నా కళ్లెదురుగుండా వాడు అబద్ధం వెతుక్కుంటుంటే చూడలేకపోయేను. నేనే ఒకటి అందించేను."

ఇంతకంటే నాలుగు తన్నినా బాగుండేది. అన్నయ్యకు తెలియదని ఏడాదిగా దాక్కున్నాడు అచ్యుతరావు. తెలిసే ఆ మనిషి ఎదురుపడినప్పుడల్లా భుజం మీద చెయ్యి వేశాడు. తెలిసే దాళ్వాకి మళ్లీ నారు పోశాడు. "అన్నయ్యా, నన్ను తిట్టు," అన్నాడు. "అందరి ముందూ తిట్టు."

"తిట్టే మొహం నాకు లేదులేరా," అన్నాడు నరసింహమూర్తి.

ఆ మాట అచ్యుతరావుకు అర్థం కాలేదు. మంచితనం కొద్దీ అన్నాడనుకున్నాడు.

రమ్యశ్రీ దగ్గరికి వచ్చింది. "నాన్నా, మీరు తీసేయమంటే టీచరుగారు తీసేస్తానన్నారు."

"నన్ను ముందే అడగొచ్చు కదమ్మా?"

"అడిగేను నాన్నా. కట్ట ఎందుకు జారిందని. వానకి అన్నారు. అప్పుడు వేసవి సెలవులు నాన్నా, వానే లేదు." పిల్ల ముక్కు ఎగబీల్చుకుంది. "మిమ్మల్ని అనాలని తీయలేదు. నా సైకిలు ఆ కౌలుతో కొన్నదే కదా. దాని మీదే పెద్దమ్మ వాళ్లింటికి వెళ్తాను. పెద్దమ్మ నాకు తినడానికి పెట్టుద్ది. మింగుడు పడట్లేదు నాన్నా. ఎవరికి చెప్పాలో తెలీలేదు. టీచరుగారు, చెప్పలేనిది తీయమన్నారు. అందుకని తీసేను. పెద్దమ్మ ఇక్కడికి వస్తుందనుకోలేదు."

భాగ్యలక్ష్మి చటుక్కున పిల్లను దగ్గరికి లాక్కుంది. తల నిమిరింది. చేతిలో జంతికల డబ్బా అలాగే ఉండిపోయింది.

ప్రసన్న టీచరు వచ్చి కొంచెం దూరంలో ఆగింది. ఆవిడకు అంతా వినబడింది, వినబడనట్టు నిలబడడం చేతకావడం లేదు. "ఏవండీ, మీరు ఎలా చెబితే అలాగేనండీ. పిల్లను మాత్రం ఏమీ అనకండి," అంది.

అచ్యుతరావు మళ్లీ ఒకసారి ఫోటో కేసి చూశాడు. తీసేయమంటే ఒక క్లిప్పు, అంతే. తీసేస్తే ఊరి నుంచి సాయంత్రం వచ్చేవాళ్లు చూడరు. చూడకపోతే వదిన కూడా ఊళ్లో ఎవరికీ చెప్పదు, ఆ సంగతి అతనికి తెలుసు. ఇంత జరిగాక కూడా ఆ లెక్క మనసులో వేసుకున్నాడే, దానికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఉంచండమ్మా," అన్నాడు. "బాగా తీసింది."

బయటికి వచ్చాక కారు తలుపు తీసి పట్టుకున్నాడు. భాగ్యలక్ష్మి ఎక్కలేదు.

"మేం బస్సులో వెళ్తామండీ," అంది.

"వదినా, ఎండలో..."

"పర్లేదండీ. అలవాటే."

రమ్యశ్రీ తండ్రిని చూసింది, పెద్దమ్మను చూసింది. "నాన్నా, నేను పెద్దమ్మతో వస్తాను," అని వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. నరసింహమూర్తి వాళ్ల వెనకే నాలుగడుగులు వేసి ఆగాడు. ఏదో చెప్పడానికన్నట్టు తమ్ముడి కేసి తిరిగి, పెదవి కదిపి, మళ్లీ మానుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి మలుపు దగ్గర బస్సు ఆగింది. ముగ్గురూ ఎక్కారు. బస్సు ఊరి దారి పట్టింది.

అచ్యుతరావు కారులో కూర్చోలేకపోయాడు. ఆ ఎండలోనే నిలబడి గోపీచంద్‌కు ఫోన్ చేశాడు. ఏడాది కిందట చెయ్యాల్సిన పని ఇప్పుడైనా చెయ్యాలి. వచ్చే సార్వా లోపల బోదె పడితే అన్నయ్య చేను మళ్లీ నిలదొక్కుకుంటుంది. ఆలోచిస్తే ఇంకా నెలన్నర టైముంది. తనకు ఏది పోయినా పోనీ.

"గోపీచంద్ గారూ, నా చెరువు కట్ట లోపలికి జరపాలండీ. బోదె తియ్యాలి. మిషను పంపించండి."

"ఇప్పుడాండీ?" అవతల ఏదో హోరు, దాని మీద నుంచి గోపీచంద్ అరుస్తున్నాడు. "చెరువులో చేపుంది కదండీ!"

"పట్టేయండి. చిన్న చేపైనా సరే. కౌలు ఎంత తగ్గించుకుంటారో తగ్గించుకోండి, నేను నోరెత్తను. అన్నయ్య చేనుకి ఊట ఆగిపోవాలి. అంతే."

గోపీచంద్ హోరుకి కాస్త దూరంగా జరిగినట్టున్నాడు.

"చేనెక్కడుందండీ?" అన్నాడు గోపీచంద్. "మీ అన్నయ్యగారు మీకు చెప్పలేదాండీ? నాకిచ్చేశారండీ. పొద్దున్న మీ కారు ఊరు దాటగానే మిషను దింపేమండి. వాళ్లావిడ చూస్తే తట్టుకోలేదు, ఊళ్లో లేనప్పుడు కానిచ్చేయమన్నారండీ."

అచ్యుతరావుకు అన్నయ్య చేను అవతల ఎవరి చేనుందో గుర్తొచ్చింది.

"రూతమ్మ వైపు... రూతమ్మ వైపు బోదె వదుల్తున్నారా?"

"ఆయ్, నేనూ అదే అడిగేనండీ," అన్నాడు గోపీచంద్. "మా తమ్ముడు ఎలా తవ్వించాడో అలాగే తవ్వండి అన్నారండీ."